అలర్ట్ ఎందుకు ఆలస్యమవుతుంది: 2017 నాటి ఒక రాత్రి నుంచి ఇప్పటిదాకా

ఫోన్లో వచ్చే ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆపేసుకోవాలా, ఉంచుకోవాలా అన్న గొడవ మళ్ళీ మొదలైంది. కొందరేమో అర్ధరాత్రి చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, తీరా చూస్తే మనకు సంబంధం లేని మెసేజ్ అంటున్నారు. ఇంకొందరు, ఎన్నిసార్లు చెప్పినా జనం కదలరు, ప్రాణం మీదికి వచ్చాక ప్రభుత్వాన్ని తిడతారు అంటున్నారు. రెండు వాదనలూ వింటే తప్పంతా ఇంట్లో ఉన్న మనిషిదే అనిపిస్తుంది. గత కొన్నేళ్ళలో జరిగిన పెద్ద ప్రమాదాల విచారణలు చదివితే మాత్రం అలా అనిపించదు. చాలా చోట్ల ఇల్లు కదలకపోవడానికి కారణం మొండితనం కాదు. మాట అందలేదు, లేదా అందేసరికి దారి మూసుకుపోయింది.

సైరన్ల చరిత్ర, రేడియో ప్రకటనల చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి దాటేస్తున్నాను. ఈ గొడవ మూలం తెలియాలంటే 2017 అక్టోబర్ 8 రాత్రి కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఏం జరిగిందో చూడాలి.

ఆ రాత్రి పది కావస్తుండగా పక్క కౌంటీలోని కాలిస్టోగా దగ్గర అంటుకున్న మంట ఈదురుగాలికి కొండలు దాటుకుని కొన్ని గంటల్లోనే శాంటా రోసా ఊళ్ళోకి వచ్చేసింది. మధ్యలో వెడల్పాటి హైవే ఉంది, అదే అడ్డుకట్ట అనుకున్నారు. నిప్పురవ్వలు దాన్ని కూడా దాటి కాఫీ పార్క్ అనే కాలనీ మీద పడ్డాయి. జనం గాఢనిద్రలో ఉన్న టైమ్ అది. టబ్స్ ఫైర్ అని పేరు పడిన ఆ మంటలో 22 మంది చనిపోయారు, ఐదు వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి.

టవర్ పరిధిలో ఉన్న ప్రతి ఫోన్‌నూ ఒకేసారి మోగించే వ్యవస్థ అమెరికాలో 2012 నుంచే ఉంది. ఎవరి నంబరూ తెలియనక్కర్లేదు, ఎవరూ ముందుగా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, మామూలు ఎస్సెమ్మెస్‌లా ఒక్కొక్కరికీ విడివిడిగా వెళ్ళి నెట్‌వర్క్ జామ్ అయ్యే బాధ కూడా లేదు. సొనోమా అధికారులు ఆ రాత్రి దాన్ని వాడలేదు. మర్చిపోయి కాదు, వాడకూడదని ముందే నిర్ణయించుకున్నారు. కౌంటీ మొత్తానికి మెసేజ్ వెళ్ళిపోతుంది, ప్రమాదం లేనివాళ్ళు కూడా గాభరాగా రోడ్ల మీదికి వస్తారు, ఫైరింజన్లకు దారి ఉండదు అన్నది వాళ్ళ లెక్క. బదులుగా ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు మాత్రమే వెళ్ళే మెసేజ్‌లు, ఫోన్ కాల్స్ మీద ఆధారపడ్డారు. నమోదు చేసుకోని ఇళ్ళకు పొగ వాసనే హెచ్చరిక, లేదంటే తలుపు బాదిన పోలీసో పక్కింటివాళ్ళో.

నా దృష్టిలో మొత్తం కథ ఇక్కడే ఉంది. తర్వాత జరిగిన ప్రతి గొడవలోనూ, దేశం ఏదైనా, ప్రమాదం మంటైనా వరదైనా, కుర్చీలో కూర్చున్నవాళ్ళ మనసులో ఇదే భయం కనిపిస్తుంది: చెబితే జనం గాభరా పడతారు.

ఆ భయానికి ఆధారం ఉందా అంటే, లేదని చెప్పి అప్పటికే అరవై ఏళ్ళు దాటింది. ఎన్రికో క్వారంటెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్త 1950ల్లోనే ఈ గాభరా సంగతి పరిశీలించాడు. 1963లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో రస్సెల్ డైన్స్, యూజీన్ హాస్‌లతో కలిసి విపత్తుల మీద ఒక పరిశోధనా కేంద్రమే పెట్టాడు, అది ఇప్పుడు డెలవేర్‌లో ఉంది. వాళ్ళకు మళ్ళీ మళ్ళీ కనిపించింది ఒకటే, విపత్తులో జనం వెర్రిగా పరుగులు తీయడం చాలా అరుదు. అసలు సమస్య దానికి పూర్తిగా ఉల్టా. జనం ఆగుతారు. మెసేజ్ రాగానే కిటికీలోంచి బయటికి చూస్తారు, అక్కకో తమ్ముడికో ఫోన్ చేస్తారు, టీవీ పెడతారు, పక్కింటివాళ్ళు కారు తీస్తున్నారా అని చూస్తారు. ఇది నిజమే అని ఇంకో వైపు నుంచి తెలిస్తేగానీ చెప్పులు వేసుకోరు. హెచ్చరికల మీద జీవితమంతా పనిచేసిన డెనిస్ మిలెటీ లాంటివాళ్ళు చెప్పిందీ ఇదే: ఎవరు చెబుతున్నారు, ఏం జరుగుతోంది, ఎక్కడ, ఎప్పటిలోగా, ఏం చేయాలి, ఇవి స్పష్టంగా ఉంటే ఆ ఆగడం తగ్గుతుంది. 2017లో అమెరికా ఫోన్ అలర్ట్‌కు ఉన్న హద్దు 90 అక్షరాలు. అందులో ఇవన్నీ ఎలా పడతాయి? అది 360 అయింది 2019లో.

సొనోమాలోనే రెండేళ్ళకు ఇంకో పరీక్ష వచ్చింది. 2019 అక్టోబర్‌లో కింకేడ్ ఫైర్. అప్పటికి రాష్ట్రం చేసిన సమీక్షలో పాత పద్ధతులన్నీ కడిగేశారు, కౌంటీ తీరు మార్చుకుంది. ఈసారి జోన్ల వారీగా, ముందుగానే, ఫోన్లు మోగించి మరీ చెప్పారు. లక్షా ఎనభై వేలకు పైగా జనం ఇళ్ళు ఖాళీ చేశారు. ట్రాఫిక్ నత్తనడక నడిచింది, పెట్రోల్ బంకుల దగ్గర బారులు తీరారు, టెన్షన్ పడని ఇల్లు ఉండి ఉండదు. మంటలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అదే కౌంటీ, అవే రోడ్లు, దాదాపు అదే జనం. రెండు మంటలూ ఒకలాంటివి కావనీ, 2019లో టైమ్ ఎక్కువ దొరికిందనీ కొందరు అంటారు. నిజమే, కానీ దొరికిన టైమ్‌ను ఈసారి జనానికి ఇచ్చారు.

అధికారుల వైపు వాదన కూడా చెప్పాలి. 2005లో రీటా తుఫాను వస్తుందని టెక్సాస్ తీరం నుంచి లక్షల మంది ఒకేసారి బయల్దేరారు. కత్రినా తుఫాను వచ్చి నెల కూడా కాలేదు, ఆ భయంతో వెళ్ళక్కర్లేనివాళ్ళు కూడా కదిలారు. హ్యూస్టన్ చుట్టూ రోడ్లు స్తంభించాయి, వృద్ధాశ్రమం నుంచి తరలిస్తున్న బస్సు అంటుకుని 23 మంది చనిపోయారు, తుఫాను కన్నా తరలింపులోనే ఎక్కువ ప్రాణాలు పోయాయి. 2018 జనవరి 13న హవాయీలో క్షిపణి వస్తోంది, ఇది డ్రిల్ కాదు అని పొరపాటున మెసేజ్ వెళ్ళింది, తప్పు అని ఫోన్లకు ఇంకో మెసేజ్ పంపడానికి 38 నిమిషాలు పట్టింది. ఇలాంటివి చూసినవాడికి బటన్ నొక్కాలంటే చెయ్యి వణుకుతుంది, అర్థం చేసుకోవచ్చు. కానీ రీటా నేర్పిన పాఠం చెప్పకుండా ఊరుకోవడం కాదు, ఎవరు ఎప్పుడు వెళ్ళాలో జోన్లుగా విడగొట్టి చెప్పడం.

ఆ పాఠం అందని చోట్ల ఏం జరిగిందో చూడండి. 2023 ఆగస్టు 8న హవాయీలోని లహైనా కాలిపోతుంటే అక్కడి సైరన్లు మోగలేదు. ఎందుకని అడిగితే, సైరన్ వింటే జనం సునామీ అనుకుని కొండ వైపు, అంటే మంట వైపు వెళ్తారేమో అనుకున్నామని అత్యవసర విభాగం అధిపతి విలేకరుల ముందే చెప్పారు, మర్నాడు రాజీనామా చేశారు. అక్కడ వంద మందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబర్ 29న స్పెయిన్‌లోని వాలెన్సియాలో వాతావరణ సంస్థ పొద్దున్నే రెడ్ అలర్ట్ ఇచ్చింది. జనం ఫోన్లు మోగింది రాత్రి 8 గంటల 11 నిమిషాలకు. అప్పటికే వీధులు నదులైపోయాయి, కార్లు బయటికి తీద్దామని నేలమాళిగల్లోకి దిగినవాళ్ళు కొందరు అక్కడే మునిగిపోయారు. స్పెయిన్ మొత్తం మీద ఆ వరదల్లో రెండు వందల మందికి పైగా పోయారు.

ఇక ఇప్పటి వాదనకు సూటిగా తగిలేది లాస్ ఏంజెలస్. 2025 జనవరి 7 సాయంత్రం ఆరు దాటాక ఈటన్ ఫైర్ మొదలైంది. ఆ మంట మీద పడిన ఆల్టడీనా ఊరిని లేక్ అవెన్యూ అనే రోడ్డు రెండుగా చీలుస్తుంది. తూర్పు వైపు వాళ్ళకు ఆ సాయంత్రమే అలర్ట్‌లు వచ్చాయి. పడమటి వైపుకు ఖాళీ చేయమన్న మొదటి ఆర్డర్ తెల్లవారుజామున మూడు దాటాక వచ్చింది, అంటే మంట మొదలైన తొమ్మిది గంటలకు. ఆ మంటలో చనిపోయినవాళ్ళు దాదాపు అందరూ పడమటి వైపు వాళ్ళే, అందులోనూ ఎక్కువమంది వయసు మీరినవాళ్ళు. వాళ్ళు హెచ్చరిక పెడచెవిన పెట్టారని ఎవరైనా అంటే, వాళ్ళ దాకా ఏ హెచ్చరిక వెళ్ళిందో ముందు చెప్పాలి.

ఇదంతా అయిన రెండో రోజు, జనవరి 9 సాయంత్రం, ఇంకో చోట అంటుకున్న చిన్న మంట కోసం ఉద్దేశించిన అలర్ట్ పొరపాటున కౌంటీ మొత్తానికి వెళ్ళింది. దాదాపు కోటి మంది ఫోన్లు మోగాయి. అలర్ట్‌లు ఆపేసుకోండి అన్న మాట గట్టిగా వినిపించింది ఆ తర్వాతే. ఒకే కౌంటీలో రెండు రోజుల తేడాతో అవసరమైన అలర్ట్ రాలేదు, అక్కర్లేనిది వచ్చింది. రెండోదాని మీద జోకులు, వీడియోలు, చర్చలు. మొదటిదాని గురించి మాట్లాడింది ఎక్కువగా ఇళ్ళు, మనుషులను పోగొట్టుకున్నవాళ్ళు. ఈ అసమానం నాకు చాలా బాధ కలిగించింది.

మరి ఇంట్లో ఉన్నవాళ్ళు ఏం చేయాలి? వ్యవస్థ సరిగ్గా పనిచేయకపోవచ్చు అని తెలిశాక ఇంటి సన్నాహం లెక్క మారిపోతుంది. అలర్ట్ ఆపేయకండి, అది మొదటి మాట. ఫోన్ సెట్టింగ్స్‌లో అత్యవసర హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో ఇంట్లో ప్రతి ఒక్కరి ఫోన్లోనూ చూడండి, ముఖ్యంగా పెద్దవాళ్ళ ఫోన్లలో, ఎందుకంటే ఎవరో ఒకసారి విసుగొచ్చి ఆపేసి ఉంటారు. రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకుంటే ఈ అలర్ట్ రాదు, టవర్ సిగ్నల్ లేకుండా వైఫై ఒక్కటే ఉన్నా రాదు. పేరు నమోదు చేసుకుంటే వచ్చే మెసేజ్‌లు ఉంటే వాటిలోనూ చేరండి, బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి పెట్టుకోండి. ఒకటి తప్పితే ఇంకోటి.

రెండోది, ఆర్డర్ కోసం ఆగక్కర్లేదు. జపాన్‌లో ఇదే సమస్య వచ్చింది. ఖాళీ చేస్తే మంచిది అని ఒక ప్రకటన, ఖాళీ చేయండి అని దాని తర్వాత ఇంకోటి ఉండేవి. జనం రెండోదాని కోసం చూస్తూ కూర్చుని చిక్కుకుపోతున్నారని 2021 మేలో మొదటిది తీసేశారు. అక్కడి హెచ్చరికలు స్థాయిల వారీగా ఉంటాయి. ఇప్పుడు నాలుగో స్థాయి అంటే ప్రమాద స్థలంలో ఉన్నవాళ్ళందరూ వెళ్ళిపోవాలి. మూడో స్థాయిలోనే ముసలివాళ్ళు, నడవలేనివాళ్ళు, వాళ్ళకు తోడుండేవాళ్ళు బయల్దేరాలి. ఏ దేశంలో ఉన్నా ఈ మూడో స్థాయి మాట ఇంటికి పట్టుకొచ్చుకోవచ్చు: మంచం దిగడానికి పావుగంట పట్టే మనిషి ఇంట్లో ఉంటే, అందరికన్నా ముందు కదలాల్సింది మనమే. నీళ్ళు ఫలానా చోటికి వస్తే, గాలి ఫలానా వైపు తిరిగితే, చీకటి పడేలోగా వెళ్ళిపోదాం అని ఇంట్లో అందరూ ముందే ఒక మాట అనుకుని ఉంటే, ఫోన్ మోగినప్పుడు చర్చ పెట్టుకోనక్కర్లేదు. మన ఇల్లు ఏ జోన్‌లో ఉందో, బయటికి రెండు దారులు ఏవో, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఫోన్లో దాచుకుంటే చార్జింగ్ అయిపోయిన రోజున పనికిరాదు.

సంచి సంగతి అందరూ చెబుతారు, పత్రాల కాపీలు, మందులు, కళ్ళజోడు, పవర్ బ్యాంక్, టార్చి, కొంత నగదు, నీళ్ళు. ఎవరూ చెప్పనిది తలుపు. 2017 మంటల్లో కరెంటు పోయింది. కరెంటుతో నడిచే గ్యారేజీ తలుపులు తెరుచుకోలేదు. ఆ తలుపును చేత్తో ఎత్తడానికి లోపల ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, దాన్ని లాగితే మోటారు నుంచి తలుపు విడిపోతుంది. అది తెలియక, తెలిసినా ఎత్తే బలం లేక కొందరు పెద్దవాళ్ళు కారు ఉండి కూడా బయటపడలేకపోయారు. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా చట్టం చేసింది, 2019 జూలై నుంచి అమ్మే గ్యారేజీ మోటార్లన్నిటికీ బ్యాటరీ ఉండాలని. మీ ఇంట్లో గ్యారేజీ లేకపోవచ్చు, కానీ కరెంటు పోతే ఆగిపోయే గేటో, లిఫ్టో, డిజిటల్ తాళమో ఉండే ఉంటుంది. మెయిన్ ఆపేసి ఒకసారి ఇంట్లో అందరూ బయటికి నడిచి చూడండి, చీకటిపడ్డాక అయితే ఇంకా మంచిది.

ఇక పక్కింటి సంగతి. సొనోమాలోనూ, ఆల్టడీనాలోనూ చాలామందిని లేపింది ఫోన్ కాదు, తలుపు కొట్టిన మనిషి. మీ వరసలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎవరు, చెవుడు ఉన్నవాళ్ళు ఎవరు, ఫోన్ వాడనివాళ్ళు ఎవరు, వాళ్ళ తలుపు కొట్టే బాధ్యత ఎవరిది, మీరు ఊళ్ళో లేకపోతే ఎవరిది, ఈ వారమే అడిగి రాసుకోండి.