థ్రెడ్-సేఫ్ కలెక్షన్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కాంకరెంట్‌హాష్‌మ్యాప్ (కీ, విలువల జతలను దాచే జావా క్లాసు) వాడితే చాలు, మన కోడ్ థ్రెడ్-సేఫ్ (థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనులు, కలిసి వాడినా తప్పు రానిది) అయినట్టే.

వాస్తవం: 2004లో జావా 5తో వచ్చిన ఈ క్లాసు ఒక్కొక్క మెథడ్‌కు విడివిడిగా హామీ ఇస్తుందే తప్ప, ఒక మెథడ్ ముగిసి మరొకటి మొదలయ్యే లోపు జరిగేదానికి బాధ్యత వహించదు. పదాలు ఎన్నేసిసార్లు వచ్చాయో లెక్కించే కోడ్‌లో గెట్‌తో పాత సంఖ్యను చదివి, ఒకటి కలిపి, పుట్‌తో తిరిగి పెడతాము. రెండు థ్రెడ్లు 7నే చదివితే రెండూ 8నే రాస్తాయి. 9 కావలసిన లెక్క అక్కడే ఆగిపోతుంది. ఎక్సెప్షన్ రాదు, లాగ్‌లో జాడ ఉండదు. కోడ్ రివ్యూల్లో నాకు తరచుగా ఎదురయ్యే లోపం ఇదే. జావా 8 నుంచి ఉన్న మెర్జ్, కంప్యూట్ మెథడ్లు చదవడం, మార్చడం, రాయడం అనే మూడు పనులనూ ఈ క్లాసులో మధ్యలో ఎవరూ చొరబడలేని ఒకే చర్యగా చేస్తాయి. అవే పేర్లు మామూలు హాష్‌మ్యాప్‌లోనూ ఉన్నాయి కానీ అక్కడ ఆ హామీ లేదు. ఇక కంప్యూట్‌కు ఇచ్చే ఫంక్షన్ చిన్నదిగా ఉండాలి, అదే మ్యాప్‌లోని వేరే కీలను మార్చకూడదు. అందులో డేటాబేస్ క్వెరీ పెట్టిన కోడ్‌ను కూడా చూశాను, అది పూర్తయ్యే వరకు అదే మ్యాప్‌లో రాయవలసిన ఇతర థ్రెడ్లలో కొన్ని వేచి ఉండక తప్పదు. రెండు మ్యాపులు ఎప్పుడూ ఒకదానికొకటి సరిపోలాలన్న నియమం ఉంటే, ఈ మెథడ్లు కూడా చాలవు. రెండింటినీ కాపాడే ఒకే లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోనికి రానిచ్చే తాళం) కావాలి.

అపోహ: రాసే థ్రెడ్లకు లాక్ ఉంటే చాలు, చదివేవాటికి అక్కర్లేదు.

వాస్తవం: హాష్‌మ్యాప్ సాధారణంగా 16 గదులతో మొదలై, 12 ఎంట్రీలు దాటగానే 32 గదులకు విస్తరిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో లాక్ లేకుండా చదివిన థ్రెడ్‌కు, ఉన్న కీ కూడా లేనట్లు కనిపించవచ్చు. రాసేవాళ్లకూ లాక్ లేకపోతే సంగతి మరీ దారుణం: జావా 7 వరకు, రెండు థ్రెడ్లు ఒకేసారి విస్తరణకు దిగితే లోపలి లింక్డ్ లిస్ట్ వలయంగా ముడిపడి, తర్వాత వచ్చిన గెట్ అంతులేకుండా తిరుగుతూ ఉండిపోయేది.

అపోహ: సింక్రనైజ్డ్‌లిస్ట్ (ప్రతి మెథడ్‌కూ లాక్ వేసే జావా లిస్ట్) మీద లూప్ నిశ్చింతగా నడపవచ్చు.

వాస్తవం: నడపలేము. లూప్ మొత్తాన్ని ఆ లిస్ట్ మీదే సింక్రనైజ్డ్ బ్లాకులో ఉంచాలని జావా డాక్యుమెంటేషనే చెబుతోంది.

అపోహ: రేస్ డిటెక్టర్ (థ్రెడ్లు ఒకే డేటా మీద పోటీపడే లోపాలను వెతికే సాధనం) ఏమీ చూపలేదు కాబట్టి లోపం లేదు.

వాస్తవం: గో భాషలోని రేస్ డిటెక్టర్ ఆ పరుగులో నిజంగా అమలైన కోడ్‌ను మాత్రమే గమనిస్తుంది. పైగా అది వెతికేది రక్షణ లేని మెమరీ వాడకం కోసం. మొదట చెప్పిన లెక్కింపునే గోలోని థ్రెడ్-సేఫ్ మ్యాప్ అయిన సింక్.మ్యాప్‌లో చదివే లోడ్, రాసే స్టోర్‌లతో రాస్తే, ప్రతి చర్యకూ రక్షణ ఉంటుంది కనుక డిటెక్టర్ నోరు మెదపదు; లెక్క మాత్రం అక్కడా తప్పుతుంది.