అదే కప్పు, అదే మైదా

బుజ్జీ,

పర్లాకిమిడి నుంచి తాతయ్య. నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటి కేకు దూదిలా పొంగిందని, రెండోది ఇటుకలా వచ్చిందని, "అదే కప్పు, అదే మైదా, రెండుసార్లూ రెండు కప్పులే వేశాను కదా తాతయ్యా" అని ఏడుపు గొంతుతో అడిగావు. నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. మీ అన్నయ్యకి కూడా ఇది చదివి వినిపించు, వాడూ కేకు చేస్తానంటున్నాడట.

నా చిన్నప్పుడు ఇక్కణ్ణుంచి నౌపడకి చిన్న రైలు ఉండేది. 1900లో రాజావారు వేయించిన లైను, రెండు పట్టాలకీ మధ్య రెండున్నర అడుగులే. మామూలు రోజున పెట్టెలో ఓ ఇరవై మంది, కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లు. రథయాత్రకి అదే పెట్టెలో మూడింతల జనం. నేను నాన్న మోకాళ్ల మధ్య నిలబడి, ఎవరిదో కొబ్బరికాయల సంచి వీపుకి గుచ్చుకుంటుంటే ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఇక ఒక్కరికి కూడా చోటు లేదనుకుంటామా, ఇంజను ఒక్క కుదుపు కుదపగానే అందరూ కాస్త కాస్త సర్దుకునేవాళ్లు, తర్వాతి స్టేషన్లో ఇంకో నలుగురు ఎక్కేవాళ్లు! 2004లో ఆ రైలు ఆపేసి పెద్ద లైను వేశారు, ఇప్పటి పెట్టెల్లో ఆ కుదుపు లేదు.

నీ కప్పు ఆ పెట్టే. మైదా ఆ జనం. జల్లించి చెంచాతో మెల్లగా పోస్తే మామూలు రోజు, కప్పుని డబ్బాలోకి గుచ్చి తీస్తే పండగ రోజు, పైగా గట్టు మీద రెండు దెబ్బలు తట్టావంటే ఇంజను కుదుపు. పెట్టె పెరగలేదు, జనం పెరిగారు.

అమ్మ బియ్యం సోలతో కొలిచేది. గింజ గట్టిది, ఎంత తట్టినా పెద్దగా కుంగదు, అందుకే బియ్యానికి సోల చాలు. చోడి పిండి, అంటే రాగి పిండి, దగ్గరే వచ్చేది చిక్కు. పక్కింటివాళ్లకి అప్పిచ్చేటప్పుడు అమ్మ సోలని తట్టి తట్టి నింపేది, వాళ్లు తిరిగిస్తే మాత్రం తట్టనిచ్చేది కాదు. ఇచ్చే చేతికి కొలత కాస్త బరువుగా ఉండాలనేది. నువ్వూ ఎవరికైనా పిండి ఇస్తే అలాగే ఇవ్వు.

ఇక లెక్క. అమెరికా వంటల్లో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, మనం టీ తాగే కప్పు కాదు. చెంచాతో పోసి, పైన చాకు వెనక వైపుతో గీసేస్తే అందులో మైదా 120 నుంచి 125 గ్రాములు పడుతుంది. గుచ్చి తీస్తే 140, ఒక్కోసారి 150. రెండు కప్పులకి 60 గ్రాముల దాకా తేడా, అంటే ఏడెనిమిది పెద్ద చెంచాల పిండి ఎక్కువ పడిందన్నమాట, గుడ్లూ పాలూ మాత్రం అంతే ఉన్నాయి, మరి కేకు గట్టిపడదా? పంచదారైతే అదే కప్పులో 200 గ్రాములు. అందుకని కప్పుల్లో రాసిన వంట కనిపిస్తే గ్రాముల్లోకి మార్చి పుస్తకంలో రాసుకో. ఎలా నింపాలో వాళ్లు చెప్పకపోతే మైదాకి 120 వేసుకో. వంటింటి తూకం మిషను మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, పిండి పొయ్యడమే, కప్పు కడిగే పని కూడా ఉండదు.

నా మాట నమ్మేసి ఊరుకోకు. ఈ ఆదివారం గాజు గ్లాసులో మైదా మెల్లగా అంచుదాకా పొయ్యి. కింద గుడ్డ పరిచి, గ్లాసుని దాని మీద ముప్పైసార్లు తట్టు. పిండి ఎంత కిందికి దిగుతుందో, పక్కనుంచి కళ్లు ఆనించి చూడు. ఒక్క రేణువు కూడా బయటికి పోలేదు, మరి ఇందాక అక్కడ ఉన్నదేమిటి? గాలమ్మా, ఉట్టి గాలి! జల్లించిన మైదా కప్పులో సగానికి పైగా అదే, నాకు ఈ వయసులోనూ అది ఆశ్చర్యమే. ఎన్ని వేళ్లు దిగిందో కొలిచి నాకు మెసేజ్ పెట్టు.

తాతయ్య