ఎంఓఏనా, మిల్లా? జవాబు 3438లో ఉంది

గాజువాక నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు. "సార్, ఎయిర్ రైఫిల్‌కి స్కోపు కొందామనుకుంటున్నా. ఎంఓఏ కావాలా, మిల్ కావాలా అంటున్నారు. ఏది కరెక్టుగా కొడుతుంది?"

రెండూ ఒకేలా కొడతాయి. బియ్యం కిలోల్లో తూచినా వీశెల్లో తూచినా బస్తాలో గింజలు మారవు కదా, ఇదీ అంతే. స్కోపు అంటే రైఫిల్ మీద బిగించే దూరదర్శిని, దాంట్లో గురి ఎంత జరపాలో చెప్పేది కోణంలోనే. ఈ రెండూ ఆ కోణాన్ని కొలిచే కొలతలే. కానీ ఈ ప్రశ్న నాకు ఎందుకంత నచ్చిందంటే, దీని వెనక నాకు చాలా ఇష్టమైన ఒక అంకె ఉంది: 3438.

ఎంఓఏ, అంటే మినిట్ ఆఫ్ యాంగిల్, దాని సంగతి ముందు తేల్చేద్దాం. వృత్తాన్ని 360 డిగ్రీలు చేసి, ఒక్కో డిగ్రీని 60 ముక్కలు చేస్తే వచ్చే ముక్క అది. మన పంచాంగాల్లో దాని పేరు కళ. ఆ కోణం 100 గజాల దూరంలో 1.047 అంగుళాల మేర పరుచుకుంటుంది, 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. గజాల్లో, అంగుళాల్లో ఆలోచించే అమెరికా వాళ్లకి "వంద గజాలకి అంగుళం" అని గుర్తు పెట్టుకోవడం తేలిక, అందుకే అక్కడ అది పాతుకుపోయింది.

మిల్ అర్థం కావాలంటే అన్నం తినే కంచం, కాస్త దారం చాలు. కంచం వెడల్పు 28 సెంటీమీటర్లు అనుకుందాం. మధ్య నుంచి అంచు దాకా సరిపోయే దారం, అంటే 14 సెంటీమీటర్లు, కత్తిరించి అంచు వెంబడి అతికించండి. ఆ దారం రెండు కొసల నుంచి కంచం మధ్యకి గీతలు గీస్తే వచ్చే కోణం ఒక రేడియన్. అలాంటి ముక్కలు ఆరు పెట్టాక కూడా అంచు మీద దాదాపు 4 సెంటీమీటర్లు, రెండు వేళ్ల మేర, ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పిల్లలకి ఒక్కసారి కూడా చూపించకుండా "పై అంటే 180" అని బట్టీ పట్టిస్తాం, తర్వాత ఇంటర్‌లో రేడియన్ అనగానే వాళ్లకి టెన్షన్ ఎందుకొస్తుందో అని ఆశ్చర్యపోతాం.

ఆ రేడియన్‌లో వెయ్యో వంతే మిల్. కాబట్టి ఎంత దూరం చూస్తే అందులో వెయ్యో వంతు: 100 మీటర్లకి 10 సెంటీమీటర్లు, 1000 గజాలకి ఒక గజం. ఇది నిష్పత్తి. "మిల్ అంటే మెట్రిక్" అనే మాట అందుకే తప్పు.

ఇక 3438. వృత్తం మొత్తంలో 21,600 కళలు. ఒక రేడియన్‌లో ఎన్ని? 21,600ని 6.2832తో భాగిస్తే 3437.7, అంటే దగ్గరదగ్గర 3438. సామాన్య శకం 499 నాటి ఆర్యభటుడి జ్యా పట్టికలో (ఇప్పటి సైన్ పట్టిక లాంటిది, జ్యా అంటే నిటారు గీత పొడవు) వృత్త వ్యాసార్థం సరిగ్గా ఇదే! వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత 62,832 అని చెప్పిందీ ఆయనే. చాపాన్ని, అంటే వృత్తం అంచులో ఒక ముక్కని, ఏ కళల్లో కొలిచారో వ్యాసార్థాన్నీ ఆ కళల్లోనే కొలవడమంటే మన దారం ముక్కని అంచు మీద పరచడమే. ఆ పట్టికలో మొదటి అంకె చూడండి: 225 కళల చాపానికి జ్యా కూడా 225. కచ్చితంగా లెక్కేస్తే 224.86 వస్తుంది, తేడా అంతే. చిన్న కోణాల్లో వంపుకీ నిటారు గీతకీ తేడా కనిపించదన్నమాట. టార్గెట్ కాగితం చదునుగా ఉన్నా మనం చాపం లెక్క వాడి తప్పించుకుంటున్నది దీనివల్లే. ఒక మిల్‌కి 3.438 ఎంఓఏలు అని స్కోపుల వాళ్లు చెప్పేది కూడా అదే అంకె, దశాంశ చుక్క జరిగిందంతే.

పౌర్ణమి నాడు ఆర్కే బీచ్‌లో సముద్రం మీంచి లేచే చంద్రుడు ఇంత పెద్ద పళ్లెంలా కనిపిస్తాడు. స్కేలు కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టి కొలవండి, 5 మిల్లీమీటర్ల పైచిలుకే ఉంటాడు. అర్ధరాత్రి నడినెత్తిన కొలిచినా దాదాపు అంతే. సుమారు 31 కళలు, 9 మిల్. పంచాంగంలో గ్రహణం వేళలు ముందే వేస్తున్నారంటే ఈ కళల లెక్క పుణ్యమే. ఆ రోజు అన్నం ముట్టకూడదన్న భయాన్ని ఇంటింటా దాచుకున్నాం, లెక్కని మాత్రం పిల్లలకి అందించలేదు. నాకు అది నిజంగా బాధ.

ఇప్పుడు కొనడం సంగతి. మీటర్లలో ఆలోచించేవాడివి కాబట్టి నా ఓటు మిల్‌కే. కానీ అంతకన్నా ముఖ్యం, లోపల కనిపించే గీతలూ, గురి జరపడానికి బయట తిప్పే టరెట్టూ ఒకే కొలతలో ఉండాలి. 25 మీటర్ల దగ్గర పెల్లెట్ 15 మిల్లీమీటర్లు కిందికి తగిలిందనుకో. గీతల మీద 0.6 మిల్ కనిపిస్తుంది, టరెట్ ఒక్కో క్లిక్కుకి 0.1 మిల్ జరిగేదైతే ఆరు క్లిక్కులు, అయిపోయింది. పాత స్కోపులు కొన్నిటిలో గీతలు మిల్‌లో, టరెట్ ఎంఓఏలో ఉండేవి. అప్పుడు 0.6ని 3.438తో గుణించి, క్లిక్కు పావు ఎంఓఏ కాబట్టి మళ్లీ నాలుగుతో గుణించి, ఎనిమిది అని తేల్చుకోవాలి, అదీ రైఫిల్ భుజాన ఉండగా. పావు ఎంఓఏ క్లిక్కు సన్నది అంటారు, నిజమే: 25 మీటర్లకి 1.8 మిల్లీమీటర్లు, మిల్‌ది 2.5. పెల్లెట్ లావే 4.5 మిల్లీమీటర్లు, ఆ తేడా కాగితం మీద నీకు కనిపించదు. నీతో షూట్ చేసేవాళ్లంతా ఎంఓఏ వాడుతుంటే మాత్రం అదే తీసుకో, ఒకరి కరెక్షన్ ఇంకొకరికి అరిచి చెప్పుకోవచ్చు.

ఒకటి మర్చిపోకు బాబూ. ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపుని అసలు అనుమతించరు, చిన్న రంధ్రంలోంచి చూసే సైట్ మాత్రమే. నీ మనసులో ఆ పోటీ ఉంటే డబ్బు కట్టే ముందు మీ కోచ్‌ని ఒక మాట అడుగు.