అడవిలో వాటా ఇచ్చారు, పెత్తనం ఇవ్వలేదు

అటవీ శాఖ ఏ పథకం ప్రకటించినా ఈ రోజుల్లో ‘ప్రజల భాగస్వామ్యంతో’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఆ మాట వెనక నూట యాభై ఏళ్ల తగువు ఉంది. 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఊళ్లను ఆనుకుని ఉన్న అడవులు ‘రిజర్వు’ అయిపోయాయి. అంతవరకు అడగకుండా తెచ్చుకున్న కట్టెకు, మేతకు, వెదురుకు అనుమతి కావాల్సి వచ్చింది.

అడవిలో పశువులను మేపుకున్నందుకు కట్టే పన్ను పుల్లరి. 1921లో పల్నాడు రైతులు దాన్ని కట్టబోమన్నారు. వాళ్లకు ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులకు బలయ్యాడు. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలైంది. పోడు మీద ఆంక్షలు, కింది ఉద్యోగుల వేధింపులే గిరిజనులను ఆయన వెంట నడిపించాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే హిమాలయాల్లోని కుమావూఁ ప్రజలు కూడా తిరగబడి అడవులకు నిప్పు పెట్టారు. అక్కడ మాత్రం కథ వేరే దారి పట్టింది. ప్రభుత్వం కమిటీ వేసి ఫిర్యాదులు వింది. 1931లో వన పంచాయతీలకు నిబంధనలు తెచ్చింది. ఊరివాళ్లు ఎన్నుకున్న పంచాయతీ తమ అడవిని తామే చూసుకునే ఆ పద్ధతి ఉత్తరాఖండ్‌లో నేటికీ ఉంది. 1927 అటవీ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం మిగతా దేశంలోనూ రిజర్వు అడవిని ఊరికి అప్పగించవచ్చు. కానీ దాన్ని వాడుకున్న ప్రభుత్వాలు చాలా తక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే చట్టం, అదే శాఖ కొనసాగాయి.

మార్పు పశ్చిమ బెంగాల్‌లోని ఆరాబారిలో మొదలైంది. 1970ల మొదట్లో అక్కడి సాల అడవి మోడులు తప్ప మిగలని స్థితికి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల పేదలు లేత కొమ్మలు నరికి, మోపులు కట్టి, సంతలో అమ్ముకుని బతికేవారు. గార్డులు పట్టుకునేవారు, కేసులు పెట్టేవారు, మర్నాడు మళ్లీ నరుకుడే. అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఆ కట్టెలతో వచ్చే కూలికి సరిపడా పని అడవిలోనే చూపించారు. చెట్లు ఎదిగి నరికే నాటికి ఆదాయంలో 25 శాతం మీదేనని మాటిచ్చారు. 11 ఊళ్లు, 618 కుటుంబాలు ఒప్పుకున్నాయి. సాల చెట్టుకు ఒక గుణం ఉంది. వేరు బతికుంటే చాలు, మోడు నుంచే పిలకలు వేస్తుంది. వాటిని ఎవరూ ముట్టుకోకపోతే కొన్నేళ్లలో అడవి తిరిగొస్తుంది. ఆరాబారిలో అదే జరిగింది, గార్డుల సంఖ్య పెంచకుండానే.

ఆ అనుభవం ఢిల్లీని కదిలించింది. 1988 జాతీయ అటవీ విధానం స్థానికుల అవసరాలను కలప ఆదాయం కన్నా ముందు పెట్టింది. 1990 జూన్ 1న కేంద్రం రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. శాఖ, ఊరు కలిసి అడవిని కాపాడి ఆదాయం పంచుకునే ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో ఉత్తర్వులిచ్చి ఊరివాళ్లతో వన సంరక్షణ సమితులు ఏర్పాటు చేసింది. ప్రపంచ బ్యాంకు అప్పు తోడయ్యాక సమితుల సంఖ్య వేలకు చేరింది. చాలాచోట్ల అడవి పచ్చబడింది, కూలి పని దొరికింది. ఆ మేలును తక్కువ చేయకూడదు.

అయితే సమితిని పుట్టించేది అటవీ శాఖే, రద్దు చేయగలిగేదీ అదే. బ్యాంకు ఖాతా మీద అటవీ ఉద్యోగి సంతకం కూడా పడాలి. ఏ మొక్క నాటాలో పై నుంచే ప్లాన్ వచ్చేది. కొన్నిచోట్ల గిరిజనుల పోడు భూముల్లోనే సమితి పేరుతో మొక్కలు నాటారు. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది. వాటా ఉత్తర్వుతో వచ్చింది కాబట్టి ఇంకో ఉత్తర్వుతో పోగలదు. హక్కయితే అలా పోదు.

ఆ హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని నిర్వహించే అధికారం గ్రామసభదేనని అందులో రాశారు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా అనే ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్లపై హక్కు పత్రం అందుకుంది. అయినా తమ వెదురును అమ్ముకోలేకపోయింది. లారీ కదలాలంటే రవాణా పర్మిట్ కావాలి, ఆ పుస్తకం శాఖ చేతిలో ఉంది. చివరికి 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికి వెళ్లి పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభకు అప్పగించారు. రెండేళ్ల తర్వాత ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు మేరకు సమావేశమైన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాలు వద్దని తేల్చిచెప్పాయి.

మన దగ్గర మాత్రం గ్రామసభలకు దక్కాల్సిన సామూహిక హక్కు పత్రాలు చాలావరకు వన సంరక్షణ సమితుల పేరిట వెళ్లాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చింది. అవి వ్యక్తుల పేరిట ఇచ్చినవి. అడవి మొత్తాన్ని ఊరు చూసుకునే హక్కు కోసం దరఖాస్తు పెట్టాలంటే సరిహద్దుల మ్యాపు, పాత రికార్డులు కావాలి. వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ అటవీ శాఖ ఆఫీసుల్లోనే ఉన్నాయి.