కోంటి చూసిన సముద్రం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వాస్కోడగామా కంటే ముందే యూరప్ వాళ్లెవరైనా మన వైపు వచ్చారా అని అడిగారు కదా! వచ్చారు. వాళ్లలో నికోలో కోంటి సంగతి చెబుతాను, వినండి.

వెనిస్ దగ్గర కియోజ్జా అతని ఊరు. వర్తకుడు. డమాస్కస్‌లో అరబ్బీ, ఆ తర్వాత పారసీ నేర్చుకుని, ఆ దేశాల వ్యాపారులతో కలిసిపోయి ఓడల్లో గుజరాత్ రేవు ఖంబాత్ చేరాడు. 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. కోటగోడలు కొండలెక్కి లోయలు చుట్టి వస్తాయనీ, నగరం చుట్టుకొలత 60 మైళ్లనీ చెప్పాడు. అంకె కాస్త పెద్దదేమో గానీ, హంపీలో ఆ గోడల వెంట నడిచినవాళ్లు గోడల మాట కాదనలేరు. అక్కణ్ణుంచి మైలాపూర్, సింహళం, సుమత్రా, గంగా తీరం, బర్మా, జావా... పాతికేళ్ల దాకా తిరిగాడు. తిరుగుదారిలో ప్రాణభయంతో మతం మారాల్సి వచ్చింది. ఈజిప్టులో ప్లేగు సోకి భార్యా, ఇద్దరు పిల్లలూ పోయారు. ఇటలీ చేరాక, మతం మారినందుకు క్షమించమని పోప్‌ను వేడుకున్నాడు. అతను చెప్పినదంతా పోప్ కార్యదర్శి పోజ్జో లాటిన్‌లో రాసిపెట్టాడు.

ఆ రాత ఎందుకంత ముఖ్యమంటే, అప్పట్లో పండితులకు ప్రమాణం ప్రాచీన గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ. ఆయన లెక్క ప్రకారం హిందూ మహాసముద్రం చుట్టూ నేల ఉన్న పెద్ద మడుగు. అదే నిజమైతే అట్లాంటిక్ నుంచి ఓడలో ఇటు రావడం కుదరదు. 1450 ప్రాంతంలో వెనిస్‌లో ఫ్రా మౌరో అనే సన్యాసి గీసిన ప్రపంచ పటంలో ఆ సముద్రానికి దారి తెరుచుకుంది. ఆ పటంలో తూర్పు దేశాల ఊళ్లు, దీవులు చాలావరకు కోంటి చెప్పినవే. ఆఫ్రికా కొసను సముద్రం చుట్టి ఉందన్న కబురు మాత్రం వేరే నావికులది. కోంటి అటు పోనేలేదు.

అతని వల్ల ఒక తికమక కూడా వచ్చిపడింది. టాలెమీ చెప్పిన తప్రొబానె దీవి నిజానికి శ్రీలంక. కోంటి దాన్ని సుమత్రా అన్నాడు. ఇంకేం, 16వ శతాబ్దంలో కూడా కొన్ని పటాల్లో సుమత్రా మీద తప్రొబానె అని అచ్చయింది!

ఫ్రా మౌరో పటం బొమ్మ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అందులో దక్షిణం పైన ఉంటుంది. కాబట్టి తలకిందులు చేసి మన దేశాన్ని వెతకండి. ఏమేం దొరికాయో నాకు రాయండి.

మీ తాతయ్య