సభ్యత్వమా, చందాలా?

ఆగస్టులో కాలిఫోర్నియా బడులు తెరిచే రోజుల్లో గేటు పక్కన ఒక మడత బల్ల వేసి ఉంటుంది. దాని వెనక కూర్చున్న అమ్మానాన్నలు ముందు "తల్లిదండ్రులు, టీచర్ల సంఘం పీటీఏలో చేరండి" అంటారు, ఆ వెంటనే "ఈ ఏడాది చందా ఎంత రాసుకోమంటారు?" అని అడుగుతారు. ఫ్రీమాంట్‌లోనో కూపర్టినోలోనో కొత్తగా దిగిన మన తెలుగువాళ్లకు తికమకగా ఉంటుంది. ప్రభుత్వ బడే కదా, ఫీజు లేదన్నారు కదా, మరి ఈ చందా ఏమిటి? ఆ బల్ల దగ్గర కూర్చునే వాలంటీర్లకు సభ్యత్వం సంగతి వేరుగా, నిధుల సంగతి వేరుగా నేర్పడం వెనక చాలా చరిత్ర ఉంది.

1897 ఫిబ్రవరి 17న ఆలిస్ మెక్‌లెల్లన్ బర్నీ, ఫీబీ యాపర్సన్ హర్స్ట్ కలిసి వాషింగ్టన్‌లో తల్లుల మహాసభ పెట్టారు. అదే తర్వాత పీటీఏ అయింది. రెండు వేల మందికి పైగా వచ్చారు. బడికి బెంచీలు కొనిద్దామని కాదు వాళ్లు కూడింది. పసిపిల్లలకు కిండర్‌గార్టెన్లు కావాలన్నారు. పిల్లల్ని పనిలో పెట్టకుండా చట్టాలు రావాలని, తప్పు చేసిన పిల్లల్ని పెద్దవాళ్ల కోర్టుల్లో విచారించకూడదని పోరాడారు. చట్టసభ తలుపు తట్టినప్పుడు వెనక ఎంతమంది ఉన్నారన్నదే వాళ్ల బలం. సభ్యత్వానికి అంత విలువ అక్కడే వచ్చింది.

ఈ చరిత్రలో ఒక మచ్చ కూడా ఉంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్ల పిల్లలకు వేరుగా బడులుండేవి, అక్కడి నల్లజాతి తల్లిదండ్రులకు ఈ సంఘంలో చోటు దొరకలేదు. అట్లాంటాకు చెందిన సెలీనా స్లోన్ బట్లర్ 1926లో వాళ్ల కోసం మరో జాతీయ సంఘం నిలబెట్టారు. రెండూ ఒక్కటి కావడానికి 1970 దాకా పట్టింది.

1960ల మొదట్లో పీటీఏ సభ్యులు కోటి ఇరవై లక్షల దాకా ఉండేవారు. ఇప్పుడు నలభై లక్షలు కూడా లేరు. రాష్ట్ర, జాతీయ సంఘాలకు మన డబ్బెందుకు పంపాలని చాలా బడులు విడిపోయి సొంత సంఘాలు పెట్టుకున్నాయి.

కాలిఫోర్నియాలో అసలు మలుపు 1978 జూన్‌లో వచ్చింది. అప్పటికే, బడి బాగోగులు ఆ ఊరి ఆస్తుల విలువ మీద ఆధారపడటం అన్యాయమని 1971లో రాష్ట్ర సుప్రీంకోర్టు తప్పుబట్టింది. తర్వాత ప్రజలే ఓటేసి ప్రపోజిషన్ 13 తెచ్చారు. ఆస్తిపన్ను ఆ ఆస్తి విలువలో ఒక శాతం దాటకూడదు, ఆ విలువను ఏటా రెండు శాతానికి మించి పెంచకూడదు. పన్ను రాబడి ఒక్క దెబ్బకు సగానికి పైగా పడిపోయింది. సంగీతం టీచరు, లైబ్రేరియన్, ఆర్ట్ క్లాసు నిలవాలంటే డబ్బెవరిస్తారు? తల్లిదండ్రులే జోలె పట్టారు.

అందుకే వాలంటీర్ల శిక్షణలో డబ్బు నియమాలూ ఉంటాయి. నిధుల కోసం బడిలో పెట్టిన సంత ముగిశాక పాప్‌కార్న్ స్టాల్ డబ్బాలోని ఒక్కో డాలరు నోట్లను ఒక్కరే లెక్కపెట్టకూడదు. ఇద్దరు కూర్చుని లెక్కించి, ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టాలి. చెక్కుకూ రెండు సంతకాలు. ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ మద్దతు పలకకూడదు కానీ, బడుల కోసం అప్పు తెచ్చే బాండ్లకు ఓటేయమని అడగొచ్చు. వీటన్నిటికంటే నాకు నచ్చింది ఒకటుంది: డబ్బు కోసం ఒక కార్యక్రమం చేస్తే, డబ్బుతో పనిలేనివి కనీసం మూడు చేయాలి. ఆ మూడింటి లెక్క చాలాచోట్ల మరిచిపోతున్నారన్నదే నా బాధ.

ఎందుకంటే చందా డబ్బున్నచోటే చేరుతుంది. శాంటా మోనికా-మాలిబూ బడుల జిల్లాలో, సంపన్నుల ఊరైన మాలిబూ బడులకు వచ్చే డబ్బుకూ మిగతా బడులకు వచ్చే డబ్బుకూ పొంతన ఉండేది కాదు. 2011లో ఆ బడుల బోర్డు జిల్లా అంతటికీ కలిపి నిధి సేకరించాలని తీర్మానిస్తే మాలిబూ తల్లిదండ్రులు భగ్గుమన్నారు. కానీ అదే తల్లిదండ్రులు, అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు వెళ్లి ప్రభుత్వాన్ని అడిగితే వచ్చే డబ్బు అన్ని బడులకూ వస్తుంది.

మన దేశంలో విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. అక్కడ కుర్చీ చట్టం ఇస్తుంది. ఇక్కడ పీటీఏలో మాట చెల్లాలంటే కొద్దిపాటి రుసుము కట్టి సభ్యులు కావాలి. ఐదొందల డాలర్లు చందా ఇచ్చి సభ్యత్వం తీసుకోని నాన్నకు బడ్జెట్ మీటింగులో ఓటు లేదు. సభ్యత్వం మాత్రమే తీసుకున్న అమ్మకు ఉంది.