అపోహలు - వాస్తవాలు: హాస్పిటల్ ప్రాజెక్టులో ప్రాబ్లం రాయడం, టార్గెట్ పెట్టడం

శ్రీకాకుళంలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో క్వాలిటీ పని చూస్తుంటాను. అంటే ఏటి పని అని మా ఇంట్లో వాళ్లు కూడా అడుగుతుంటారు, నిజానికి సగం రోజు స్టాప్‌వాచ్, నోట్‌బుక్ పట్టుకుని కారిడార్లో నిలబడ్డమే. ప్రతి కొత్త ప్రాజెక్టు మొదటి మీటింగులో వినే మాటలు కొన్ని ఉన్నాయి, అవి ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ప్రాబ్లం ఏంటో అందరికీ తెలుసు, టైం వేస్ట్ చేయకుండా పని మొదలెట్టేద్దాం.

మా దగ్గర ఓపీలో లేటవుతోందని గొడవ, మేనేజ్‌మెంట్ వాళ్లు ఇంకో టోకెన్ కౌంటర్ కట్టేద్దామని డిసైడయిపోయారు, కార్పెంటర్ వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు. నేను మూడ్రోజులు ఆగమని బతిమాలి పొద్దున్నే వెళ్లి కూర్చున్నా. టోకెన్ ఎప్పుడు తీసుకున్నారు, డాక్టర్ని ఎప్పుడు కలిశారు, రక్తం ఎప్పుడిచ్చారు, రిపోర్ట్ ఎప్పుడొచ్చింది, మళ్లీ డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్లారు, ఈ ఐదే రాసుకున్నా. పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ రెండో రోజే చెప్పేసింది, "టోకెన్ కాడ ఏటీ లేటవనేదు బాబూ, రత్తం ఇచ్చీసి అప్పట్నుంచి ఇక్కడే కూకున్నాం" అని. నా నోట్‌బుక్ కూడా అదే చెప్పింది. ల్యాబ్‌లో ట్రే నిండే దాకా శాంపిల్స్ మెషీన్లో పెట్టట్లేదు, ఎందుకంటే ఎప్పుడో ఎవరో అలా చేయమన్నారంట, ఆ చెప్పినాయన మానేసి కూడా చాలా కాలమైంది. రిపోర్టులన్నీ ఒకేసారి ఒంటిగంటకి దిగేవి, అప్పటికి డాక్టర్ గారు భోజనానికి వెళ్లిపోయేవారు, ఇక ఆ పేషెంట్‌కి సాయంత్రమే గతి, ఆ రోజు కూలి పోయినట్టే.

వాస్తవం ఏంటంటే "కౌంటర్ లేదు" అనేది సమస్య కాదు, అది మనకి ముందే నచ్చేసిన పరిష్కారం. "డాక్టర్లు చాలట్లేదు", "సాఫ్ట్‌వేర్ లేదు" కూడా ఇదే బాపతు. "లేదు" అని ముగిసే ప్రాబ్లం స్టేట్‌మెంట్ (అంటే ప్రాజెక్టు మొదట్లో సమస్య ఏంటో రాసే వాక్యం) కనిపిస్తే నేను వెనక్కి పంపేస్తా.

అపోహ: ప్రాబ్లం స్టేట్‌మెంట్లో కారణం కూడా రాసేయాలి.

ఇది మన జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, ఉద్దానం ఉంది కదా. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇదీ ఒక్క కారణం అని తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోవడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇప్పుడు మీరు మొదటి లైన్లోనే "నీళ్ల వల్ల కిడ్నీలు పాడవుతున్నాయి" అని రాసేస్తే మిగతా దారులన్నీ అక్కడే మూసేసినట్టు. అలాగని నీళ్లు ఇవ్వొద్దనట్లేదు, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చారు, 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ హాస్పిటల్ మొదలైంది, రెండూ కావాల్సినవే. కానీ నీళ్ల పథకం టార్గెట్ కొత్తగా జబ్బు రాకుండా చూడటం, దాని ఫలితం తెలియడానికి ఏళ్లు పడుతుంది, డయాలసిస్ యూనిట్ టార్గెట్ ఇప్పటికే జబ్బున్న మనిషిని నిలబెట్టడం, అది ఈ వారమే తెలుస్తుంది. రెండూ కలిపి ఒకే గోల్ రాస్తే దేనికీ లెక్క ఉండదు.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. మా యూనిట్లో "పేషెంట్లు సీరియస్‌గా తీసుకోవట్లేదు, సిట్టింగులు మిస్ చేస్తున్నారు" అని రాసిచ్చారు. సీరియస్‌గా తీసుకోకపోవడం అనేది మన తీర్పు, కనిపించింది మిస్సవడం ఒక్కటే. ఏ షిఫ్టు, ఏ ఊరు అని విడగొట్టి చూస్తే ఎక్కువ పొద్దున్న 6 గంటల షిఫ్టువే, దూరం ఊళ్ల నుంచి మొదటి బస్సే ఆ టైముకి రాదు. టౌన్ వాళ్లని పొద్దున్నకి, దూరం వాళ్లని మధ్యాహ్నానికి మార్చాం, అంతే.

అపోహ: "తగ్గించాలి, పెంచాలి" అంటే అదే గోల్.

ఎంత, ఎప్పటికి, ఎవరికి అని లేకపోతే అది కోరిక. అమెరికాలో హాస్పిటల్ క్వాలిటీ కోసం పనిచేసిన డాక్టర్ డాన్ బెర్విక్ వాళ్లు 2004 డిసెంబర్లో హాస్పిటళ్లలో లక్ష ప్రాణాలు కాపాడాలని క్యాంపెయిన్ పెడితే గడువు 2006 జూన్ 14 ఉదయం 9 గంటలకి అని చెప్పారు, గంటతో సహా! మనం "త్వరలో" అని రాస్తాం.

స్మార్ట్ (SMART) గోల్స్ అని, గోల్ ఎలా ఉండాలో ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చెప్పి ట్రైనింగుల్లో అరగదీస్తుంటారు కదా, 1981లో జార్జ్ డోరన్ అనే మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ రాసినప్పుడు అందులో 'A' అక్షరానికి అర్థం "ఎవరికి అప్పజెప్పాం" అని. తర్వాత తర్వాత అది "సాధ్యమయ్యేది" అయిపోయింది. మన మీటింగుల్లో ఊడిపోయింది కూడా సరిగ్గా అదే, గోల్ ఉంటుంది, పక్కన పేరుండదు.

అపోహ: ఒక నంబర్ పెట్టుకుని దాన్ని సాధిస్తే చాలు.

ఇది నా తప్పే. ల్యాబ్‌కి రిపోర్ట్ టైం టార్గెట్ పెట్టా, టైం తగ్గింది, అందరం స్వీట్లు తిన్నాం. తర్వాత డయాలసిస్ డాక్టర్ గారు పిలిచి పొటాషియం రిపోర్టులు తేడాగా వస్తున్నాయేంటయ్యా అన్నారు. రక్తం తీసేవాళ్లు కంగారులో సిరంజి గట్టిగా లాగేస్తున్నారు, అలా లాగితే ఎర్రకణాలు పగిలి, లోపలి పొటాషియం బయటికొచ్చి లేనిది ఎక్కువ చూపిస్తుంది, కిడ్నీ పేషెంట్ విషయంలో అది ఆటలు కాదు. అప్పట్నుంచి రిపోర్ట్ టైం పక్కనే పాడైన శాంపిళ్ల లెక్క కూడా రాస్తున్నాం, టైం తగ్గి అది పెరిగితే గెలిచినట్టు కాదు.

ల్యాబ్ ట్రే సంగతి తేలాక కూడా ఆ రెండో కౌంటర్ మాత్రం కట్టేశారు, అడ్వాన్స్ ఇచ్చేశాంగా అని. ప్రస్తుతం అందులో వీల్‌చైర్లు పెడుతున్నాం.